పెద్ద ఫైళ్లు నెట్‌వర్క్ మీద కాపీ పెడితే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది

నిశిరాత్రి_42
మూడు రోజుల నుంచి ఇదే గొడవ. ఇంట్లో ఒక స్టోరేజ్ పెట్టె ఉంది, అందులో పదేళ్ల వీడియోలు, ఫొటోలు కలిపి దాదాపు 600 జీబీ. అది పాతబడింది, ఏ రోజు ఆగిపోతుందో అని భయమేసి మొత్తం నా కంప్యూటర్లోకి లాగేద్దామని కూర్చున్నాను. గిగాబిట్ ల్యాన్ కేబులే, వై-ఫై కాదు. మొదటి రెండు మూడు నిమిషాలు సెకనుకి 110 మెగాబైట్ల దగ్గర పరుగెడుతుంది. తర్వాత 15కి, ఒక్కోసారి సున్నాకి పడిపోతుంది. అప్పట్నుంచి బ్రౌజర్ తెరిస్తే తెల్ల తెర, పాట పెడితే తెగి తెగి వస్తుంది, స్టార్ట్ బటన్ నొక్కిన నిమిషానికి మెనూ వస్తుంది. కాపీ ఆపేసినా ఇంకో రెండు మూడు నిమిషాల దాకా తేరుకోదు. విండోస్ 10, 8 జీబీ ర్యామ్, 2 టీబీ హార్డ్ డిస్క్. నెట్‌వర్క్ కార్డు పాడైందంటారా? కొత్తది కొనే ముందు ఒకసారి అడుగుదామని.

బిట్టుబైటు
8 జీబీ ర్యామ్ ఏం సరిపోతుందండీ. 16 చేయండి, సగం బాధ పోతుంది.

కేబుల్_పురాణం
ముందు కేబుల్ మార్చి చూడండి. నా అనుభవంలో పదింట ఎనిమిది సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

తీగ_లాగితే
కేబుల్ కాదు. 100 మెగాబిట్ల లింకుకి కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో రెండే చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఒక తీగ తెగితే లింకు 100కి దిగుతుంది, అప్పుడు మొదటి నిమిషం నుంచే 11, 12 మెగాబైట్లు దాటదు. ఈయనకి మొదట్లో 110 వస్తోంది, అంటే లింకు గిగాబిట్‌లోనే ఉంది. పైగా చెడ్డ కేబుల్ కాపీని నెమ్మదిగా చేస్తుందేమో గానీ స్టార్ట్ మెనూని ఆపలేదు కదా.

నిశిరాత్రి_42 గారూ, కాపీ ఇబ్బంది పెడుతున్న సమయంలో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్, ఈథర్‌నెట్ నాలుగూ ఎంతెంత ఉన్నాయో రాయండి. డిస్క్ దగ్గర యాక్టివ్ టైమ్ కాకుండా యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని కింద ఒకటుంటుంది, అది ముఖ్యం.

నిశిరాత్రి_42
టాస్క్ మేనేజర్ తెరవడానికే చాలాసేపు పట్టింది. సీపీయూ 20 నుంచి 30 శాతం. మెమరీ 62 శాతం. ఈథర్‌నెట్ కిందామీదా పడుతోంది. డిస్క్ 100 శాతం, రెస్పాన్స్ టైమ్ 2800 మిల్లీసెకన్లు చూపించింది, ఒకసారి 4000 కూడా కనిపించింది.

తీగ_లాగితే
అదీ సంగతి. మామూలు హార్డ్ డిస్క్ ఒక చిన్న పనికి 10 మిల్లీసెకన్ల అటూఇటూ తీసుకుంటుంది, అంటే సెకనుకి వంద చిన్న పనుల దాకా చేస్తుంది. మీ దగ్గర ఒక్కో పనికి మూడు సెకన్లు వరుసలో నిలబడాల్సి వస్తోంది. స్టార్ట్ మెనూ తెరవడమంటే డిస్క్ మీద పదుల కొద్దీ చిన్న ఫైళ్లు చదవడం. అవన్నీ మీ వీడియోల వెనక క్యూ కట్టాయి. నెట్‌వర్క్ కార్డు మీద కోపం పెట్టుకోకండి, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అవుతుంది.

ఒక్క ప్రశ్న. ఫైళ్లు ఏ డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు?

నిశిరాత్రి_42
డి డ్రైవ్‌లోకి. విండోస్ సి లో ఉంది. అందుకే రెండిటికీ సంబంధం ఉండదనుకున్నాను.

పాత_డెస్క్‌టాప్
రెండూ ఒకే డిస్క్ మీద పార్టిషన్లా, వేరే వేరే డిస్కులా?

నిశిరాత్రి_42
ఒకే డిస్క్. 2 టీబీని రెండుగా విడగొట్టాను.

పాత_డెస్క్‌టాప్
ఇదే అనుకున్నా. సి, డి అని పేర్లు రెండున్నా లోపల పళ్లేలు అవే, వాటి మీద తిరిగే హెడ్డు సమూహం ఒక్కటే. విండోస్‌కి సి లో ఏదైనా కావాలంటే హెడ్డు ఈ చివరికి రావాలి, మీ వీడియో రాయాలంటే ఆ చివరికి పోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు. పార్టిషన్ అనేది సామాను సర్దుకోవడానికి, వేగానికి ఏమీ ఒరిగేది లేదు. ఇంకోటి, రెండో పార్టిషన్ సాధారణంగా పళ్లెం లోపలి ట్రాకుల వైపు పడుతుంది, అక్కడ వేగం బయటి అంచులో ఉన్నదానికి సగం దాకా పడిపోతుంది.

బిట్టుబైటు
అయినా ర్యామ్ ఎక్కువుంటే క్యాష్‌లో, అంటే ర్యామ్‌లో డేటా తాత్కాలికంగా ఆగే చోట పడేది కదా, డిస్క్ మీద ఇంత భారం ఉండదు.

తీగ_లాగితే
600 జీబీకి 16 జీబీ క్యాష్ ఏ మూలకి? మొదటి కొద్దిసేపు 110 చూపించేది కొంతవరకు ఆ క్యాష్ వల్లే. డిస్క్ తాగగలిగినదానికంటే నెట్‌వర్క్ ఎక్కువ పోస్తోంది, మధ్యలో ఉన్న తొట్టి నిండేదాకా హాయిగా ఉంటుంది. తొట్టి పెద్దదైతే నిండటం ఆలస్యమవుతుంది, ఖాళీ అవటమూ ఆలస్యమే. మెమరీ 62 శాతమే వాడుకలో ఉన్న మనిషికి ర్యామ్ కొనిపించడం నాకు నచ్చలేదు.

పెంగ్విన్_పక్షం
లినక్స్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రాయాల్సిన డేటాని కెర్నల్ (సిస్టమ్ కేంద్రభాగం) మెమరీలో ఎంతదాకా పోగేయొచ్చో చెప్పే డర్టీ రేషియో డిఫాల్ట్‌గా 20 శాతం. 16 జీబీ మెషీన్లో అది 3 జీబీ దాకా పోతుంది, సెకనుకి 100 మెగాబైట్లు రాసే డిస్క్ దాన్ని దించడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఏ ప్రోగ్రామ్ డిస్క్‌ని అడిగినా నిలబడిపోవడమే. నేను అదే పరిమితిని బైట్లలో చెప్పే డర్టీ బైట్స్‌ని 256 మెగాబైట్లకి, వెనకాల రాయడం మొదలయ్యే హద్దు బ్యాక్‌గ్రౌండ్ బైట్స్‌ని అందులో సగానికి తగ్గించాను. కాపీ మొత్తం సమయం పెద్దగా మారలేదు, డెస్క్‌టాప్ మాత్రం ఊపిరి పీల్చుకుంది. ర్యామ్ పెంచితే ఈ బాధ పెరిగింది కూడా, బిట్టుబైటు గారూ.

బిట్టుబైటు
సరే, ర్యామ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ తొట్టి లెక్క నాకు తెలియదు.

రాగమాలిక
పాట తెగుతోందన్నారు కదా, దానికి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట) నెట్‌వర్క్ థ్రాట్లింగ్ ఇండెక్స్ అని ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేస్తే సరిపోతుందని చాలాచోట్ల చదివాను.

తీగ_లాగితే
అది వేరే రోగానికి మందు. విస్టా వచ్చిన కొత్తలో పాట పెడితే గిగాబిట్ కాపీ వేగం పడిపోతోందని గోల అయింది, 2007లో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ రస్సినోవిచ్ దాని గురించి వివరంగా రాశాడు. పాట తెగకూడదని విండోస్ పాట ఆడుతున్నంతసేపూ నెట్‌వర్క్ ప్యాకెట్లని మిల్లీసెకనుకి 10కి మించకుండా ఆపేది. అంటే ఆ సెట్టింగ్ పాటని కాపాడటానికే ఉంది. దాన్ని తీసేస్తే పాటకి మేలు జరగదు, కీడే.

రాగమాలిక
ఓ, నేను తలకిందులుగా అర్థం చేసుకున్నా. నాదీ ఇలాంటి బాధే, అయితే నా డిస్క్ ఎస్ఎస్‌డీ, 5 శాతం కూడా వాడుకలో ఉండదు. అయినా నెట్‌వర్క్ కాపీ పెట్టగానే ఆడియో చిటపటలాడుతుంది.

తీగ_లాగితే
మీది డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) గొడవ కావచ్చు. గిగాబిట్ నిండుగా నడిస్తే మామూలు 1500 బైట్ల ప్యాకెట్లు సెకనుకి 81 వేల పైచిలుకు వస్తాయి. ప్రతిదానికీ కార్డు సీపీయూని తట్టి లేపితే ఆడియోకి సమయం దొరకదు, అందుకే ఇంటరప్ట్ మోడరేషన్ ఉంటుంది, కొన్నింటిని పోగేసి ఒకేసారి చెప్పడం. కార్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత లేటెన్సీమాన్ అనే టూల్ పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ సీపీయూని ఎక్కువసేపు పట్టుకుని కూర్చుందో పేరుతో సహా చెబుతుంది.

రాగమాలిక
మోడరేషన్ డిజేబుల్ అని ఉంది! ఎప్పుడో గేమ్ కోసం పింగ్ తగ్గుతుందని చెబితే తీసేశాను. ఆన్ చేసి ఇప్పుడే 40 జీబీ లాగాను, ఒక్క చిటపట లేదు. చాలా థాంక్సండీ.

నిశిరాత్రి_42
నా దగ్గరికి వస్తే, డిస్కే అని ఎలా నమ్మాలి? డిస్క్ మార్చాక కూడా ఇలాగే ఉంటే డబ్బు వృథా.

తీగ_లాగితే
మంచి ప్రశ్న. రెండు పరీక్షలు చేయండి. ఒకటి, ఐపెర్ఫ్3. ఇది రెండు మెషీన్ల మధ్య మెమరీ నుంచి మెమరీకి డేటా పంపుతుంది, డిస్క్‌ని ముట్టుకోదు. మీ స్టోరేజ్ పెట్టెలో పెట్టడం కుదరకపోతే ఇంట్లో కేబుల్‌తో ఉన్న ఇంకో కంప్యూటర్‌తో చేయండి. 5 నిమిషాలు నడిపి, ఆ సమయంలోనే బ్రౌజర్ వాడండి. రెండోది దీనికి ఎదురు పరీక్ష. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, సి లో ఉన్న 30, 40 జీబీ ఏదైనా డి లోకి కాపీ చేయండి. ఏ పరీక్షలో కంప్యూటర్ బిగుసుకుంటే తప్పు అక్కడ.

చిన్న_ప్రశ్న
110 మెగాబైట్లు అంటున్నారు, 1000 అంటున్నారు, ఒకటి బైట్లు ఒకటి బిట్లా?

పాత_డెస్క్‌టాప్
అవును. లింకు వేగం బిట్లలో, కాపీ వేగం బైట్లలో. 1000ని 8తో భాగిస్తే 125, అందులో ప్యాకెట్ల చిరునామాలూ వగైరా పోను చేతికొచ్చేది 110 నుంచి 117.

నిశిరాత్రి_42
రెండూ చేశాను. ఐపెర్ఫ్‌లో 938 మెగాబిట్లు, 5 నిమిషాలూ నిలకడగా. పాట ఆగలేదు, బ్రౌజర్ మామూలుగా ఉంది, అసలు ఏదో జరుగుతోందనే తెలియలేదు. కేబుల్ పీకి సి నుంచి డి కి కాపీ పెట్టగానే అదే కథ, తెల్ల తెర. నెట్‌వర్క్ కార్డు కొనకుండా ఆపినందుకు అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు డిస్క్ ఏం చేయాలి?

సాహితి_వి
డిస్క్ అని తేలింది కాబట్టి వేగం సంగతి పక్కన పెట్టి ముందు దాని ఆరోగ్యం చూడండి, దయచేసి. నాకు సరిగ్గా ఇలాగే మొదలైంది. కాపీ మధ్యలో నిలిచిపోవడం, తర్వాత మళ్లీ కదలడం. నేను కూడా కంప్యూటర్ పాతది, నెమ్మదిగా ఉందిలే అనుకుని నెల రోజులు అలాగే వాడాను. అది డిస్క్ పాడైన చోట మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నించి ఆగిపోవడమని తెలిసేసరికి మా నాన్న గొంతు ఉన్న రికార్డింగులు సగం పోయాయి. ఆయన లేరు, అవి మళ్లీ రావు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే టూల్ పెట్టి 5, 197 నంబర్ల వరుసలు చూడండి. రీఎలొకేటెడ్ సెక్టర్లు (పాడై వేరే చోటికి మార్చినవి), పెండింగ్ సెక్టర్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి). ముడి విలువ సున్నా కాకపోతే ఆ డిస్క్‌లోకి ఒక్క ఫైలు కూడా పంపకండి.

కేబుల్_పురాణం
దాంతోపాటు 199 కూడా చూడండి, సీఆర్సీ ఎర్రర్లు, అంటే దారిలో డేటా చెడిన లెక్క. అది పెరుగుతుంటే డిస్క్‌కీ మదర్‌బోర్డ్‌కీ మధ్య ఉన్న సాటా కేబుల్ వదులైందని. ఎక్స్‌పీ రోజుల్లో ఇదే ఇంకో రూపంలో వచ్చేది. ఇలాంటి తప్పులు ఆరు కాగానే విండోస్ డిస్క్‌ని డీఎంఏ (డేటా నేరుగా మెమరీకి చేరే పద్ధతి) నుంచి పీఐఓ మోడ్‌కి దించేసేది, ఇక ప్రతి బైటునీ సీపీయూనే మోయాలి, చిన్న కాపీకి కూడా మెషీన్ మూలిగేది. కేబుల్ మార్చినా ఆ మోడ్ తనంతట తాను తిరిగి రాదు, డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్ తీసేసి రీబూట్ చేయాలి. ఒక ఆఫీసులో కంప్యూటర్ మార్చేద్దామని సిద్ధమయ్యారు, నేను ఆ రెండు పనులూ చేసి లేపాను.

నిశిరాత్రి_42
సాహితి గారూ, చదివి మనసు బాధగా అయింది. వెంటనే చూశాను, 5 సున్నా, 197 సున్నా, 199 కూడా సున్నా. స్టోరేజ్ పెట్టెలోని డిస్కులకి కూడా చూశాను, ఒకదానికి 5 దగ్గర 24 ఉంది.

సాహితి_వి
24 ఉన్నదాంట్లో నుంచి ముందు తీయండి. మళ్లీ రానివి ముందు, సినిమాలూ అవీ చివర.

పాత_డెస్క్‌టాప్
మీ 2 టీబీ డిస్క్ మోడల్ నంబర్ తయారీదారు సైట్‌లో వెతికి ఎస్‌ఎంఆర్ అని ఉందేమో చూడండి. అనుమానం ఎందుకంటే, కాపీ ఆపేశాక కూడా రెండు మూడు నిమిషాలు తేరుకోదన్నారు.

నిశిరాత్రి_42
ఉంది. ఎస్‌ఎంఆర్. అంటే ఏమిటి?

పాత_డెస్క్‌టాప్
ఇంటి పైకప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కి ఉంటాయి కదా, అలా ట్రాకుల్ని ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాస్తారు, అదే పళ్లెంలో ఎక్కువ పడుతుందని. మధ్యలో పెంకు మార్చాలంటే పైవన్నీ తీసి మళ్లీ పేర్చాలి. అందుకని ఈ డిస్కులు ముందు ఒక చిన్న మామూలు జాగాలో గబగబా రాసుకుని, తీరిక దొరికినప్పుడు అసలు చోటుకి సర్దుకుంటాయి. మీరు తీరిక ఇవ్వకుండా వందల జీబీ పోస్తుంటే ఆ జాగా నిండిపోయి, సర్దడం, రాయడం రెండూ ఒకేసారి చేయాల్సి వస్తుంది. కాపీ ఆపాక కూడా లోపల సర్దుకుంటూనే ఉంటుంది. మీ డిస్క్ పాడవలేదు, ఇది దాని తీరు. చదవడానికి బాగుంటాయి, విండోస్ నడపడానికి అస్సలు పనికిరావు.

బిట్టుబైటు
చవక ఎస్ఎస్‌డీల్లో కూడా ఇలాంటిదే ఉంది. మొదట కొన్ని పదుల జీబీ వేగంగా రాసి, ఆ క్యాష్ నిండాక హార్డ్ డిస్క్ కంటే కిందికి పడేవి చూశాను, ముఖ్యంగా ఒక్కో సెల్లులో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం. ఎస్ఎస్‌డీ కొంటే అది చూసుకుని కొనండి.

చిన్న_ప్రశ్న
టాస్క్ మేనేజర్‌లో కాపీ ప్రోగ్రామ్ ప్రయారిటీ లో అని పెడితే?

తీగ_లాగితే
అది సీపీయూ వంతుని మాత్రమే తగ్గిస్తుంది, డిస్క్ క్యూలో స్థానం మారదు. పైగా మామూలు కాపీ చేసేది ఎక్స్‌ప్లోరరే, దాన్ని తగ్గిస్తే టాస్క్‌బార్, డెస్క్‌టాప్ కూడా దానితోపాటే కుంటుతాయి. డిస్క్ వంతు కూడా తగ్గాలంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రయారిటీ కింద బ్యాక్‌గ్రౌండ్ అని ఉంటుంది, అది వాడాలి. లినక్స్‌లో ఇదే పనికి అయానైస్ అనే కమాండ్ ఉంది.

పెంగ్విన్_పక్షం
అయానైస్‌ని కూడా డిస్క్ క్యూని నడిపే షెడ్యూలర్ బీఎఫ్‌క్యూ లాంటిది అయితేనే పట్టించుకుంటుంది, నన్ (ఏదీ లేదు) అని ఉంటే ఏమీ జరగదు. నేను నేరుగా కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌కే బీడబ్ల్యూ లిమిట్ (వేగ పరిమితి) ఇచ్చేస్తాను.

కేబుల్_పురాణం
విండోస్‌లో సులువైన దారి, కార్డు స్పీడ్‌ని 100 ఫుల్ డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి) అని పెట్టేయడం. 12 మెగాబైట్లు దాటదు, డిస్క్ హాయిగా ఉంటుంది.

తీగ_లాగితే
అలా చేయొద్దు. ఒక వైపు బలవంతంగా 100 ఫుల్ పెట్టి, అటు స్విచ్ ఆటోలో ఉంటే, అది వేగం కనిపెడుతుంది గానీ డూప్లెక్స్ తెలియక హాఫ్ (ఒక్కోసారి ఒక్క వైపే) అనుకుంటుంది. ఇక ప్యాకెట్లు ఢీకొని నానా పాట్లు. పైగా 12 మెగాబైట్లంటే 600 జీబీకి దాదాపు 14 గంటలు.

కేబుల్_పురాణం
నేను ఎప్పుడు పెట్టినా రెండు వైపులా పెట్టేవాణ్ణి, అందుకే ఆ బాధ రాలేదేమో. ఒప్పుకుంటున్నా.

తీగ_లాగితే
నిశిరాత్రి గారూ, మీకు రోబోకాపీ అనే కాపీ కమాండ్ సరైనది, విస్టా నుంచి విండోస్‌లోనే వస్తోంది. పెద్ద వీడియోలకి జె స్విచ్ ఇవ్వండి, అప్పుడు సిస్టమ్ క్యాష్‌ని నింపకుండా నేరుగా రాస్తుంది. ఐపీజీ అనే స్విచ్‌కి మిల్లీసెకన్లలో అంకె ఇస్తే మధ్యమధ్యలో ఆగి ఆగి పంపుతుంది, ఆ అంకె మార్చుకుంటూ రెస్పాన్స్ టైమ్ దిగేదాకా చూసుకోండి. ఎంటీ స్విచ్ వాడకండి. అది ఒకేసారి చాలా ఫైళ్లు కాపీ చేస్తుంది, హెడ్డు ఉన్న డిస్క్‌కి అది శిక్ష, ఐపీజీతో కలిపి పనిచేయదు కూడా.

ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆర్ 2, డబ్ల్యూ 5 అని ఇవ్వండి, అంటే ఐదేసి సెకన్లు ఆగి రెండుసార్లే మళ్లీ ప్రయత్నించమని. ఇవ్వకపోతే ఏదైనా ఫైలు తెరుచుకోనప్పుడు 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నించడం దాని డిఫాల్ట్. రాత్రి పెట్టి పొద్దున చూస్తే మొదటి ఫైలు దగ్గరే నిలబడి ఉంటుంది.

చిన్న_ప్రశ్న
యాంటీవైరస్ ఆపేసి కాపీ చేస్తే వేగం వస్తుందని నేను విన్నా.

సాహితి_వి
వద్దు. పదేళ్ల పాత పెట్టెలో ఏముందో ఎవరికి తెలుసు, సరిగ్గా ఆ సమయంలోనే తలుపు తీసి పెట్టడమవుతుంది.

తీగ_లాగితే
వీడియోలకి పెద్ద తేడా రాదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లకి మాత్రం తేడా ఉంటుంది. మరీ అవసరమైతే ఆ గమ్యం ఫోల్డర్ ఒక్కదాన్ని మినహాయించి, కాపీ అయ్యాక మొత్తం స్కాన్ చేసి మినహాయింపు తీసేయడం. సెర్చ్ ఇండెక్సింగ్ అయితే ఆ ఫోల్డర్‌కి నిస్సంకోచంగా తీసేయండి. ఫైలు పడీ పడగానే అది చదవడానికి వచ్చి అదే డిస్క్‌ని లాగుతుంది.

నిశిరాత్రి_42
జె, ఐపీజీ పెట్టి నడుపుతున్నాను. 35 నుంచి 40 దగ్గర నిలకడగా ఉంది, రెస్పాన్స్ టైమ్ 60 దాటట్లేదు. ఈ మెసేజ్ కాపీ జరుగుతుండగానే రాస్తున్నా, బ్రౌజర్ మామూలుగా పనిచేస్తోంది! 110 కోసం పట్టుబట్టి మూడు రోజులు పోగొట్టాను, ఈ లెక్కన నాలుగైదు గంటల్లో అయిపోవాలి. కాకపోతే వీడియోలు అయ్యాక ఫొటోల ఫోల్డర్ దగ్గర 2 మెగాబైట్లకి పడిపోయింది. దాదాపు రెండు లక్షల చిన్న ఫైళ్లు ఉన్నాయి.

పెంగ్విన్_పక్షం
చిన్న ఫైళ్లకి అంతే. ప్రతి ఫైలుకీ తెరువు, సృష్టించు, తేదీ పెట్టు, మూసేయి అని నెట్‌వర్క్ మీద అటూఇటూ కబుర్లు, డిస్క్ మీద ఒక్కోదానికి కొత్త ఎంట్రీ. సరుకు కంటే రవాణా ఖర్చు ఎక్కువ. స్టోరేజ్ పెట్టెలో లాగిన్ అయ్యే దారి ఉంటే అక్కడే టార్ చేసి ఒక్క ఫైలుగా తెచ్చుకోండి. ఫొటోలు ఎలాగూ కుదింపులోనే ఉంటాయి కాబట్టి జిప్ కుదింపు అక్కర్లేదు, ఒట్టి మూట చాలు.

సాహితి_వి
ఆ 24 ఉన్న డిస్క్ మీదే ఫొటోలుంటే మాత్రం మూట కట్టకండి. అదే డిస్క్ మీద మళ్లీ అన్ని జీబీలు రాయించడం అవుతుంది. నెమ్మదిగా అయినా నేరుగా తీసుకోండి.

పెంగ్విన్_పక్షం
నిజమే, అది నాకు తట్టలేదు. సాహితి గారు చెప్పినట్టే చేయండి.

అప్‌లోడ్_అక్క
కొంచెం పక్కదారి. నాకు కంప్యూటర్ బాగానే ఉంటుంది, క్లౌడ్‌కి పెద్ద వీడియో ఎక్కిస్తే మాత్రం ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది, వీడియో కాల్ కదలదు. ఇది కూడా డిస్కేనా?

తీగ_లాగితే
కాదు. మీ అప్‌లోడ్ రౌటర్ లేదా మోడెమ్‌లో ఉన్న పొడవాటి క్యూని నింపేస్తోంది, మిగతావాళ్ల చిన్న ప్యాకెట్లు దాని వెనక ఇరుక్కుంటాయి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్‌లో ఈ క్యూని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం లేదా ఎఫ్‌క్యూ కోడెల్ సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చేదానిలో 90 శాతం దగ్గర పెట్టండి. రౌటర్‌లో లేకపోతే క్లౌడ్ ప్రోగ్రామ్‌లోనే అప్‌లోడ్ వేగం తగ్గించే సెట్టింగ్ ఉంటుంది.

అప్‌లోడ్_అక్క
ప్రోగ్రామ్‌లోనే తగ్గించాను. ఎక్కిస్తూనే కాల్ మాట్లాడుతున్నా, చాలా బాగుంది.

నిశిరాత్రి_42
మొత్తం అయింది. ఫొటోలు నేరుగానే తీశాను, రాత్రంతా పట్టింది, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చి పడుకున్నా. చివర్లో లాగ్‌లో ఫెయిల్డ్ కింద 3 ఉంది. వేరే ప్రోగ్రామ్ వాడుతోంది అని రాసింది.

తీగ_లాగితే
ఆ మూడు ఏమిటి?

నిశిరాత్రి_42
వీడియోలు. పక్క గదిలో టీవీలో మా వాళ్లు అదే పెట్టె నుంచి చూస్తూ మధ్యలో ఆపి వెళ్లారు. టీవీ ఆపి అదే కమాండ్ మళ్లీ నడిపాను, మిగతావన్నీ దాటేసి ఆ మూడే తెచ్చింది. ఫెయిల్డ్ సున్నా. విండోస్‌ని చిన్న ఎస్ఎస్‌డీ మీదికి మార్చి ఈ ఎస్‌ఎంఆర్ డిస్క్‌ని దాచుకోవడానికి మాత్రమే ఉంచుతున్నా.

సాహితి_వి
పాత పెట్టెని ఇప్పుడే చెరపకండి. ఫొటోల్లో అక్కడక్కడా కొన్ని తెరిచి చూడండి, వీడియోలు మధ్యలోకి జరిపి చూడండి. ఇంకో డిస్క్ మీద రెండో కాపీ పడేదాకా అది అలాగే ఉండనివ్వండి.

నిశిరాత్రి_42
అలాగే ఉంచుతాను. రెండో కాపీ ఈ రాత్రికే మొదలుపెడుతున్నా, ఈసారి మొదటి నుంచే ఐపీజీతో.